మొదటికే మోసం: ‘ఫ్రాడ్’ అనే మాట పుట్టుక, కోర్టులో దాని అర్థం

(గ్రంథాలయ సమావేశంలో పాఠకులను, జూనియర్ న్యాయవాదులను ఉద్దేశించి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినపడుతోందా? సరే.

ముందు మిమ్మల్నే ఒకటి అడుగుతాను. ‘మొదటికే మోసం వచ్చింది’ అంటాం కదా, అందులో మోసం చేసిందెవరు? చెప్పండి. ఎవరూ చెయ్యలేదు. వడ్డీకి ఆశపడితే అసలు పోయింది, అంతే. ‘ఆ గోడ ఎక్కకురా, ప్రాణానికి మోసం వస్తుంది’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. అక్కడ ఎవడైనా అబద్ధమాడాడా? దొంగ సంతకం పెట్టాడా? లేదే. అక్కడ మోసమంటే ముప్పు, నష్టం, చేటు. ఇక్కడ తమిళం వచ్చినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకి బాగా తెలుస్తుంది. అరవంలో మోసం అంటే ఇవాళ్టికీ ‘బాగాలేదు, చెడ్డగా ఉంది’ అని. రోడ్డు మోసంగా ఉంది అంటారు. పాపం, రోడ్డు ఎవర్నీ వంచించలేదు.

మరి ‘వాడు నన్ను మోసం చేశాడు’ అన్నప్పుడో? అప్పుడు అర్థం వేరు. నమ్మించాడు, మభ్యపెట్టాడు, మాయ చేశాడు. చూడండి, ఒకే మాట. ఒక పక్క నష్టం, ఇంకో పక్క మాయ. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ రెండు ముక్కల గురించే. నష్టం, మాయ. ఫ్రాడ్ అనాలంటే ఏది ఉండాలి? ఏదో ఒకటి చాలా? రెండూ ఉండాలా? రెండు వేల ఏళ్ల పైనుంచీ న్యాయవాదులు కొట్టుకుంటున్నది దీని మీదే.

ఫ్రాడ్ మనకి ఇంగ్లీషు నుంచి వచ్చింది. ఇంగ్లీషుకి 14వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి వచ్చింది, అక్కడ ‘ఫ్రోద్’. ఫ్రెంచికి లాటిన్ నుంచి. లాటిన్‌లో ‘ఫ్రౌస్’. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ ఫ్రౌస్ అనే మాటకి పాత లాటిన్‌లో అర్థం ఏమిటో తెలుసా? నష్టం, చేటు, తప్పు తాలూకు భారం. అచ్చంగా మన ‘మొదటికే మోసం’లో మోసమే.

ఎక్కడ కనపడుతుంది అంటారా? రోమన్ల మొట్టమొదటి లిఖిత చట్టం పన్నెండు పలకలు. క్రీస్తుకు పూర్వం 450 ప్రాంతంది. అందులో అప్పు తీర్చలేనివాడి గతి ఏమిటో ఉంది. జాగ్రత్తగా వినండి, ఇది కొంచెం భయంకరంగా ఉంటుంది. తీర్పు అయ్యాక 30 రోజులు గడువు. అప్పటికీ కట్టకపోతే అప్పిచ్చినవాడు పట్టుకుపోయి గొలుసులు వేసి 60 రోజులు ఉంచుకోవచ్చు. ఖైదీకి తన తిండి తనకు లేకపోతే రోజుకి ఒక పౌండు గోధుమ జాతి ధాన్యం పెట్టాలి. ఈ లోపల వరసగా మూడు సంతలకి వాణ్ని తీసుకొచ్చి, వీడి బాకీ ఇంత అని అందరి ముందూ చెప్పాలి, ఎవరైనా దయతలిచి కడతారేమోనని. మూడో సంతనాటికీ ఎవరూ కట్టకపోతే అప్పులవాళ్లు, అంటే అప్పిచ్చినవాళ్లు, ‘ముక్కలు కోసుకోవచ్చు’. ముక్కలంటే వాడి ఒళ్లా, వాడి ఆస్తా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. అది వదిలేయండి. ఆ తర్వాతి వాక్యం చూడండి. ‘ఎక్కువ కోసినా తక్కువ కోసినా, సే ఫ్రౌదే ఎస్తో.’ అంటే, కోసినవాడికి ఫ్రౌస్ అంటదు. ఎక్కువతక్కువలు వచ్చినా వాడికి దోషం లేదు, శిక్ష లేదు.

ఇక్కడ అబద్ధం ఎక్కడుంది? దగా ఎక్కడుంది? లేదు. ఫ్రౌస్ అంటే ఇక్కడ ఒంటికి చుట్టుకునే చేటు, అంతే.

అదే పలకల్లో ఇంకో వాక్యం. ‘పోషకుడు తన ఆశ్రితుడికి ఫ్రౌస్ చేస్తే వాడు దేవతల పాలు.’ వాణ్ని ఎవరు చంపినా అడిగేవాడు లేడన్నమాట. తనని నమ్ముకుని బతికేవాడికి కీడు చెయ్యడం. ఇందులో నష్టం ఉంది, దాంతోపాటు నమ్మకద్రోహం తొంగి చూస్తోంది. మాట నెమ్మదిగా నష్టం గట్టు దాటి మాయ వైపు నడుస్తోంది.

అయితే తమాషా ఏమిటంటే, రోమన్ లాయర్లు మాయకి వేరే మాట పెట్టుకున్నారు. ‘దోలుస్ మాలుస్’ అంటే దురుద్దేశంతో పన్నిన పన్నాగం. దీనికి ఉదాహరణగా రోమన్ వక్త, న్యాయవాది సిసెరో చెప్పిన ఒక తోట బేరం ఉంది. పూర్తిగా చెబుతాను, ఎందుకంటే మన రియల్ ఎస్టేట్ వెంచర్లు చూసినవాళ్లకి ఇది నిన్న జరిగినట్టే ఉంటుంది.

కానియుస్ అని ఒక రోమన్ పెద్దమనిషి. విశ్రాంతిగా గడుపుదామని సిసిలీలో సిరక్యూజ్ వెళ్లాడు. స్నేహితుల్ని పిలుచుకుని సరదాగా ఉండటానికి చిన్న తోట ఏదైనా కొనాలి అని పదిమంది దగ్గర అన్నాడు. ఆ ఊళ్లో వడ్డీవ్యాపారి పిథియుస్ చెవిన పడింది. ‘నా తోట అమ్మకానికి లేదండీ, కానీ మీ సొంతంలా వాడుకోండి, రేపు భోజనానికి రండి’ అన్నాడు. చూశారా, మొదటి మాటే ‘అమ్మకానికి లేదు’! ఆ రోజే జాలరుల్ని పిలిపించి, రేపు నా తోట ముందే చేపలు పట్టండి అని పురమాయించాడు. మర్నాడు కానియుస్ వచ్చేసరికి విందు సిద్ధం. ఎదురుగా నీళ్ల నిండా పడవలు. ఒక్కో జాలరీ రావడం, పట్టిన చేపలు పిథియుస్ కాళ్ల దగ్గర పొయ్యడం. ‘ఏమిటయ్యా ఇన్ని చేపలు, ఇన్ని పడవలు?’ అన్నాడు కానియుస్. ‘వింతేముంది, సిరక్యూజ్ చేపలన్నీ ఇక్కడే, జాలరులకి ఈ చోటు లేందే గడవదు’ అన్నాడు పిథియుస్. ఇంకేం! కానియుస్ బతిమాలాడు. అవతలివాడు బెట్టు చేశాడు. చివరికి అడిగినంతా ఇచ్చి, సామాన్లతో సహా కొన్నాడు. ఖాతాలో రాయించుకున్నారు, బేరం పూర్తి.

మర్నాడు కానియుస్ తన స్నేహితుల్ని పిలిచి తోటకి వెళితే పడవ కాదు కదా, తెడ్డు ఆనించే మేకు కూడా లేదు. పక్కింటాయన్ని అడిగాడు, ఇవాళ జాలరులకి పండగా అని. ‘నాకు తెలిసి పండగేం లేదు. అసలిక్కడ ఎవరూ చేపలు పట్టరు. నిన్న ఏమైందా అని నేనే ఆశ్చర్యపోయాను’ అన్నాడాయన. కానియుస్ మండిపడ్డాడు. కానీ ఏం చేస్తాడు? దావా వెయ్యడానికి అప్పటికి ఏ దారీ లేదు. ఆ తర్వాత సిసెరో స్నేహితుడే, ఆక్విలియుస్ గాలుస్ అనే న్యాయకోవిదుడు, దోలుస్ మీద దావా వేసే పద్ధతి తెచ్చాడు. దోలుస్ అంటే ఏమిటయ్యా అంటే ఆయన ఇచ్చిన జవాబు ఒక్క ముక్క: ‘ఒకటి చూపించి, ఇంకొకటి చెయ్యడం.’

నా మట్టుకు నాకు ఆ తర్వాత వచ్చిన పేజీలకి పేజీల నిర్వచనాల కంటే ఈ ఒక్క ముక్కే పనికొస్తుంది. జూనియర్లు రాసుకోండి. క్లయింటు వచ్చి మోసపోయానంటే రెండు గడులు గీయండి. చూపించింది ఏమిటి, చేసింది ఏమిటి. రెండు గడుల్లోనూ తేదీతో సహా రాయలేకపోతే అది ఇంకా కేసు కాలేదు.

ఒక పిట్టకథ. మనకి మోసానికి ఎన్ని మాటలో చూడండి. నామం పెట్టాడు, పంగనామాలు పెట్టాడు, టోపీ పెట్టాడు, కుచ్చుటోపీ పెట్టాడు, శఠగోపం పెట్టాడు. గమనించారా? అన్నీ తలకాయకే. పెట్టించుకున్నవాడికి తప్ప ఊరందరికీ కనపడేవి. చెవిలో పువ్వు కూడా అంతే. దగా పారశీకం నుంచి వచ్చింది. కుమ్మక్కు కూడా అటువైపు నుంచి వచ్చిందే, దాని మొదటి అర్థం సాయం. సైన్యానికి వెనక నుంచి వచ్చే సాయం. దొంగకి సాయం అయ్యేసరికి కుమ్మక్కు అయింది. సరే, దారికి వద్దాం.

రోమన్లు ఫ్రౌస్ మాటని రెండు చోట్ల గట్టిగా వాడారు. ఒకటి, చట్టానికి చేసే ఫ్రౌస్. చట్టం మాటల్ని చెక్కుచెదరనివ్వకుండా దాని ఉద్దేశానికి తూట్లు పొడవడం. మన సుప్రీం కోర్టు 1986లో బీహారు ఆర్డినెన్సుల కేసులో రాజ్యాంగం మీద ఫ్రాడ్ అన్నది ఈ అర్థంలోనే. 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు, శాసనసభకి పంపకుండా మళ్లీ మళ్లీ జారీ చేస్తూ పోయారు. ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు, అంతా గెజిట్‌లోనే ఉంది. అయినా ఫ్రాడే అంది కోర్టు.

రెండోది మనకి ఇంకా దగ్గరిది, అప్పులవాళ్లకి చేసే ఫ్రౌస్. అప్పు ఎగ్గొట్టడానికి ఆస్తి మార్చెయ్యడం. దీని మీద కాసేపు ఉంటాను.

ఇంగ్లండులో 1571లో ఎలిజబెత్ రాణి కాలంలో దీని మీద చట్టం వచ్చింది. దాని మీద ఒక 30 ఏళ్లకి ట్వైన్ కేసు వచ్చింది. పియర్స్ అనేవాడు ట్వైన్‌కి 400 పౌండ్లు, ఇంకొకతనికి 200 పౌండ్లు బాకీ. వాడికున్న సరుకూ సరంజామా అంతా కలిపి 300 పౌండ్లు చేస్తుంది. ఆ 200 పౌండ్ల అతను దావా వేశాడు. దావా నడుస్తుండగా పియర్స్ గుట్టుచప్పుడు కాకుండా తన సర్వస్వాన్నీ ట్వైన్ పేర రాసేశాడు, నీ బాకీ కింద తీసుకో అని. చూడండి, ట్వైన్‌కి బాకీ నిజం. కాగితం నిజం. సంతకం నిజం. ఏదీ దొంగది కాదు. మరి ఫ్రాడ్ ఎక్కడుంది?

గొర్రెల దగ్గర ఉంది. రాసిచ్చిన తర్వాత కూడా పియర్స్ ఆ గొర్రెల ఉన్ని తనే కత్తిరించుకున్నాడు. తన ముద్రే వేసుకున్నాడు. కొన్ని వస్తువులు తనే అమ్ముకున్నాడు. రాసిచ్చినవాడు ఇంకా యజమానిలా తిరుగుతున్నాడు. కోర్టు ఇలాంటి గుర్తుల్ని ఏరి పెట్టింది. ఒంటి మీది గుడ్డలతో సహా ఏదీ మిగుల్చుకోకుండా అంతా రాసిచ్చాడు. స్వాధీనం వదల్లేదు. రహస్యంగా చేశాడు. దావా నడుస్తుండగా చేశాడు. లోపల నీకు నేను నాకు నువ్వు అనే ఒప్పందం ఉంది. ఇక ఆఖరి గుర్తు నాకు చాలా ఇష్టం: ‘ఇది నిజాయితీగా, సత్యంగా, సదుద్దేశంతో రాసినది’ అని దస్తావేజులో పనిగట్టుకుని రాశాడు. అలవాటులేని షరతులు ఎప్పుడూ అనుమానం పుట్టిస్తాయి అంది కోర్టు. మన దగ్గర కూడా దస్తావేజులో ‘ఇందులో ఎవరినీ మోసగించు ఉద్దేశము లేదు’ అని కనపడిందంటే ఆ పేజీ మడిచిపెట్టుకోండి. మామూలుగా ఇల్లు అమ్ముకునేవాడు ఆ వాక్యం ఎందుకు రాస్తాడు?

ఇప్పుడు మన ఊళ్లకి రండి. ‘ఐపీ పెట్టాడు’ అనే మాట విననివాళ్లు ఈ హాల్లో ఉన్నారా? చిట్టీలు నడిపినవాడు, బట్టల కొట్టు నడిపినవాడు, పొగాకు వ్యాపారం చేసినవాడు, ఐపీ పెట్టాడు అంటే వీధి వీధంతా గొల్లుమంటుంది. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద వేసేది. అప్పులు 500 రూపాయలుంటే చాలు, వెయ్యొచ్చు. నూరేళ్లు దాటినా ఆ 500 అలాగే ఉంది! 2016లో దివాలా కోడ్ వచ్చింది కదా అంటారేమో, అందులో వ్యక్తుల దివాలా భాగాన్ని కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. మామూలు మనిషికి ఇంకా పాత చట్టమే.

ఐపీ పెట్టడమే ఫ్రాడా? కాదు. ఇది గట్టిగా చెప్పాలి, మళ్లీ చెబుతున్నాను, కాదు. వ్యాపారం చితికినవాడికి చట్టం ఇచ్చిన దారి అది. చూడాల్సింది ఐపీకి ముందు ఏం జరిగిందన్నది. ఐపీ దాఖలు కావడానికి ముందు రెండేళ్లలోపు భార్య పేరనో బావమరిది పేరనో ఆస్తి రాసి ఉంటే, దానికి నిజమైన ప్రతిఫలం, సదుద్దేశం లేకపోతే, 53వ సెక్షన్ కింద కోర్టు రద్దు చెయ్యొచ్చు. పెళ్లికి ముందు, పెళ్లి నిమిత్తం ఇచ్చిందానికి మినహాయింపు ఉంది. పదిమంది అప్పులవాళ్లలో ఒకడికే మొగ్గుచూపి కట్టేస్తే, ఆపైన మూడు నెలల్లోపు ఐపీ పడితే, 54వ సెక్షన్. ఇంకొకటి చాలామందికి తెలియదు. ఐపీ అయిపోయి కోర్టు విడుదల ఇచ్చాక పాత అప్పులు రద్దవుతాయి కదా, ఫ్రాడ్ చేసి తెచ్చిన అప్పు మాత్రం రద్దవదు. 44వ సెక్షన్. అందుకే ఆ మాట రుజువు చెయ్యడానికి అంత విలువ.

ఐపీ లేకపోయినా ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ ఉంది. నంబరు అదే, చట్టం వేరు, కలిపెయ్యకండి. స్థిరాస్తిని అప్పులవాళ్లకి అందకుండా చెయ్యాలని గానీ, ఆలస్యం చెయ్యాలని గానీ బదిలీ చేస్తే, నష్టపోయిన అప్పులవాడు దాన్ని చెల్లదనిపించుకోవచ్చు. దావా మాత్రం ఒక్కడి కోసం కాదు, అప్పులవాళ్లందరి తరఫునా వెయ్యాలి. ఈ ముక్క మరిచిపోయి వేసిన దావాలు మొదట్లోనే తట్టుకుని పడతాయి.

ఎలా పట్టుకోవాలి? ముందు ఈసీ తీయండి, అంటే ఆ ఆస్తి మీద ఏ దస్తావేజులు రిజిస్టరయ్యాయో చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ప్రోనోటు తేదీ, మీ లాయరు నోటీసు అందిన తేదీ, వాడి దస్తావేజు తేదీ, మూడూ ఒక కాగితం మీద వరసగా రాయండి. నోటీసు అందిన వారంలోనే గిఫ్టు డీడు అయిందంటే సగం పని అయిపోయింది. తర్వాత సర్టిఫైడ్ కాపీ తీసి డబ్బు సంగతి చూడండి. సొమ్ము బ్యాంకు ద్వారా మారిందా, ‘ఇదివరకే ముట్టినది’ అని రాశారా? కొన్నవాడికి అంత డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ తర్వాత ఇంటి పన్ను ఎవరు కడుతున్నారు, కరెంటు మీటరు ఎవరి పేర ఉంది, అద్దె ఎవరి ఖాతాలో పడుతోంది, పొలమైతే కౌలు ఎవరికి ముడుతోంది? ఇవే గొర్రెల ఉన్ని! ట్వైన్ కేసుకీ మీ కేసుకీ ఏం తేడా లేదు. ఒక హెచ్చరిక. కొన్నవాడు సంగతి తెలియక, నిజంగా డబ్బిచ్చి కొని ఉంటే వాణ్ని చట్టం కాపాడుతుంది. అమ్మినవాడి దురుద్దేశం ఒక్కటే రుజువు చేస్తే చాలదు.

ఇక మాయ సంగతికి వద్దాం. మనిషి అబద్ధం చెప్పాడు, కానీ తనే నిజమని నమ్మి చెప్పాడు. అది ఫ్రాడా? 1889లో ఇంగ్లండులో ప్లిమత్ ట్రాము కంపెనీ కేసు, డైరెక్టరు డెర్రీ, షేర్లు కొన్న పీక్‌ల మధ్య. ఆవిరితో ట్రాములు నడిపే హక్కు మాకుంది, షేర్లు కొనండి అని ప్రాస్పెక్టస్ వేశారు. నిజానికి దానికి బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ప్రభుత్వ శాఖ సమ్మతి కావాలి. ఎలాగూ ఇస్తారులే అనుకున్నారు డైరెక్టర్లు. ఇవ్వలేదు. కంపెనీ మూతపడింది. అప్పటికి అక్కడ అన్నిటికన్నా పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏమందంటే, వాళ్లు నమ్మే చెప్పారు, కాబట్టి ఫ్రాడ్ కాదు. అబద్ధమని తెలిసి చెబితే ఫ్రాడ్, నిజమని నమ్మకుండా చెబితే ఫ్రాడ్, నిజమో అబద్ధమో నాకేంటి అని లెక్కలేకుండా చెబితే ఫ్రాడ్. బుర్ర తక్కువ కావడం ఫ్రాడ్ కాదు. జనానికి ఇది నచ్చలేదు. మరుసటి ఏడాదే డైరెక్టర్ల బాధ్యత మీద పార్లమెంటు వేరే చట్టం చేసింది.

మన కాంట్రాక్టు చట్టం దీనికంటే ముందుది, 1872. 17వ సెక్షన్‌లో ఫ్రాడ్ నిర్వచనం ఉంది. నిజం కాదని తెలిసీ నిజమని చెప్పడం, తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని దాచడం, నెరవేర్చే ఉద్దేశం లేకుండా మాటివ్వడం, ఇలా పోతుంది. ఇందులో అందరూ తడబడేది మౌనం దగ్గర. చెప్పకపోవడం ఫ్రాడా? చట్టమే గుర్రం బేరంతో చెప్పింది. వేలంలో గుర్రాన్ని అమ్ముతున్నాడు, దానికి జబ్బుందని తెలుసు, నోరు మెదపలేదు. ఫ్రాడ్ కాదు. కొన్నది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే? చెప్పి తీరాలి. కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే బాగున్నట్టే లెక్క’ అని అడిగినప్పుడు ఊరుకుంటే? ఆ ఊరుకోవడమే మాట. కాబట్టి ప్లాటు కొనేటప్పుడు, సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు ఆ వాక్యం అడగండి. వాట్సాప్‌లోనే అడగండి, నోటితో కాదు. ‘దీని మీద కోర్టు కేసు గానీ, తాకట్టు గానీ లేదని మీరు చెబుతున్నట్టే కదా?’ అని. జవాబు రాకపోయినా మీకు ఒక రికార్డు మిగులుతుంది.

శిక్షాస్మృతికి వద్దాం. ఇక్కడ నష్టమూ మాయా మళ్లీ ఎదురెదురు పడతాయి. 1860 నాటి ఐపీసీలో 25వ సెక్షన్, మోసపూరితంగా అంటే ఏమిటో చెబుతుంది. ఏమని? ‘మోసగించే ఉద్దేశంతో చెయ్యడం, మరోలా కాదు.’ నవ్వకండి, చట్టంలో ఉన్నదదే. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో రెండో సెక్షన్‌లోకి మార్చారు గానీ ఆ గుండ్రటి తిరుగుడు అలాగే ఉంది.

ఆ ముడి విప్పింది మన రాజమండ్రి ఆయన, కోకా సుబ్బారావు గారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి, 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి. ఆ తీర్పు ఏఐఆర్ అనే తీర్పుల సంపుటాల్లో ఉంది: 1963 ఏఐఆర్ సుప్రీం కోర్టు, 1572వ పేజీ. జూనియర్లు తప్పకుండా చదవండి. ఢిల్లీలో ఒక లేడీ డాక్టరు 1953లో పాత ఆస్టిన్ కారు కొన్నారు, ఆరు నెలల కూతురి పేర. డబ్బు ఈవిడదే. ఇన్సూరెన్సు కంపెనీ ప్రపోజల్ ఫారం మీద కూతురి పేరుతో సంతకం పెట్టారు. కారుకి రెండుసార్లు ప్రమాదం జరిగితే క్లెయిము ఫారాల మీదా, డబ్బు ముట్టిన రసీదుల మీదా అదే సంతకం. ఫోర్జరీ అని కేసు. హైకోర్టు శిక్ష వేసింది.

మాయ ఉందా? ఉంది. ఆరు నెలల పిల్ల సంతకం చెయ్యదు కదా. మరి నష్టం? సుబ్బారావు గారి బెంచి అడిగిన ప్రశ్న ఇదే. ఆవిడ సొంత పేరుతో రాసినా కంపెనీ అంతే పాలసీ ఇచ్చేది, అంతే క్లెయిము కట్టేది. కంపెనీకి పోయిందేమీ లేదు, ఆవిడకి అదనంగా ఒరిగిందేమీ లేదు. కాబట్టి ఫ్రాడ్ లేదు, ఫోర్జరీ లేదు, విడుదల. ఆ తీర్పులో సూత్రం: మోసగించడానికి రెండు అంగాలు, మాయ, హాని. హాని అంటే డబ్బే కానక్కర్లేదు, ఒంటికి, మనసుకి, పరువుకి జరిగినా హానే. అవతలివాడికి పోయింది కనపడకపోయినా, మాయ చేసినవాడికి లాభం వచ్చిందంటే చాలు. పన్నెండు పలకల్లో నష్టం, ఆక్విలియుస్ మాటలో మాయ, రెండింటినీ ఒక తీర్పులో పక్కపక్కన కూర్చోబెట్టారు.

అదే ఐపీసీలో 420 ఉంది, అది జనం నోట్లో తిట్టయిపోయింది. ‘వాడు ఫోర్ ట్వంటీ గాడు’ అంటాం. 2024 జులై 1 నుంచి అది న్యాయ సంహితలో 318వ సెక్షన్, నాలుగో ఉపవిభాగం. శిక్ష మునుపటిలాగే ఏడేళ్ల దాకా. నంబరు మారినా తిట్టు మారేట్టు లేదు, ‘త్రీ ఎయిటీన్ గాడు’ అని ఎవరంటారు! దీంట్లో స్టేషన్ల దగ్గర జరిగే తప్పు ఒకటే. అప్పు తీసుకున్నాడు, ఇవ్వలేదు, కాబట్టి 420 పెట్టండి. కుదరదు. మాటిచ్చిన క్షణంలోనే ఇవ్వకూడదని ఉండాలి. తర్వాత బుద్ధి మారినా, చేతకాకపోయినా అది సివిల్ బాకీ. ఆ క్షణంలో బుద్ధి ఎలా ఉందో ఎలా చూపిస్తాం? అడ్వాన్సు తీసుకున్న రోజుకే ఆ ప్లాటు ఇంకొకడికి రిజిస్టరై ఉంటే, ఉద్యోగం ఇప్పిస్తానన్న రోజుకి ఆ నోటిఫికేషనే లేకపోతే, చూపించొచ్చు. అలాంటి కాగితం లేకుండా కంప్లయింటు రాస్తే హైకోర్టులో క్వాష్ అవుతుంది, అంటే కొట్టేస్తారు, ఈలోపల ప్రోనోటుకి మూడేళ్లు దాటిపోతాయి. రెంటికీ చెడతారు.

ఇక సత్యం కంప్యూటర్స్ కంపెనీ సంగతి. హైదరాబాదులో కూర్చుని ఫ్రాడ్ గురించి మాట్లాడుతూ ఆ పేరు ఎత్తకపోతే ఎలా? 2009 జనవరి 7న చైర్మనే బోర్డుకి ఉత్తరం రాశారు. లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లని ఉంటే, అందులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం 447వ సెక్షన్ ఫ్రాడ్‌కి కొత్త నిర్వచనం ఇచ్చింది. మోసగించే ఉద్దేశంతో గానీ, అనుచిత లాభం కోసం గానీ చేసిన పని, చెయ్యాల్సింది మానెయ్యడం, దాచడం, పదవిని దుర్వినియోగం చెయ్యడం, అన్నీ వస్తాయి. చివర్లో ఒక తోక తగిలించింది: ఎవరికైనా అక్రమ లాభం గానీ నష్టం గానీ కలిగినా, కలగకపోయినా. పది లక్షలు గానీ, టర్నోవరులో ఒక శాతం గానీ, ఏది తక్కువైతే అది దాటిందంటే ఆరు నెలల నుంచి పదేళ్ల జైలు. జుర్మానా ఆ మొత్తానికి తగ్గకుండా మూడింతల దాకా.

ఆ తోక మళ్లీ ఒకసారి వినండి. నష్టం కలిగినా, కలగకపోయినా. నష్టంతో పుట్టిన మాట, నష్టం అక్కర్లేని చోటికి వచ్చి ఆగింది. నా అభిప్రాయం చెప్పమంటే, కంపెనీల వరకు ఇది సబబే. లెక్కల పుస్తకంలో అబద్ధం రాసిన రోజున నష్టపోయేది ఎవరో తెలియదు, తర్వాతెప్పుడో షేరు కొనేవాడు కావొచ్చు. కానీ ఈ కొలత తెచ్చి ఇంట్లో అన్నదమ్ముల భాగపంపకాల మీద పెడితే మాత్రం సుబ్బారావు గారి తీర్పే అడ్డం తిరుగుతుంది, తిరగాలి కూడా.

బ్యాంకుల్లో ఇది ఇంకో రూపం. అప్పు ఖాతాకి ‘ఫ్రాడ్’ అని ముద్ర వేస్తే ఆ మనిషికి ఇంకెక్కడా అప్పు పుట్టదు. అడక్కుండా ముద్ర వేస్తారా అనే వివాదం మన తెలంగాణ హైకోర్టు నుంచే సుప్రీం కోర్టుకి వెళ్లింది. ముందు అతని మాట వినాలి అని 2023 మార్చిలో తేల్చారు. 2024 జులైలో రిజర్వ్ బ్యాంకు దాన్ని నిబంధనల్లో పెట్టింది. షోకాజ్ నోటీసిచ్చి, జవాబుకి కనీసం 21 రోజులివ్వాలి.

చివరిగా జూనియర్లకి. ప్లెయింటులో, అంటే దావా పత్రంలో, ‘ప్రతివాది మోసపూరితముగా’ అని పదిసార్లు రాస్తే ఫ్రాడ్ కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డరు 6 రూలు 4 ప్రకారం వివరాలు రాయాలి. ఏ రోజు, ఎవరు, ఎవరితో, ఏం చెప్పారు, అందులో ఏది అబద్ధం, దాన్ని నమ్మి వాది ఏం చేశాడు, ఏం పోయింది. ఇందులో ఏది లేకపోయినా అవతలి లాయరు అక్కడే పట్టుకుంటాడు.

కాలపరిమితి సంగతి. దస్తావేజు రద్దుకి మూడేళ్లు. ఫ్రాడ్ అయితే అది బయటపడిన రోజు నుంచి మూడేళ్లు, లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్. ‘బయటపడిన’ అంటే మీరు కనుక్కున్న రోజే కాదు, మామూలు జాగ్రత్తతో కనుక్కోగలిగిన రోజు కూడా. రిజిస్టరు దస్తావేజు కదా, ఈసీ తీస్తే ఆనాడే తెలిసేది అని అవతలివాళ్లు వాదిస్తారు. అందుకని ఎప్పుడు, ఎలా, ఎవరి ద్వారా తెలిసిందో ప్లెయింటులో ఒక పేరా కేటాయించండి. ఈసీకి పెట్టిన దరఖాస్తు రసీదు, సర్టిఫైడ్ కాపీ మీద తేదీ ముద్ర, రెండూ ఒరిజినల్సే ఫైల్ చెయ్యండి. క్లయింట్లు ఆ రసీదు పారేస్తారు. మొదటి రోజే అడిగి తీసుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.